రంగస్థల నటుడిని సినిమా పేరుతో సాగనంపుతున్నాం

వరంగల్ నటుడు జీవీ బాబు 2025 మే 25న చనిపోయారు. ఆ రోజు ఫోన్ తెరిస్తే ఎక్కడ చూసినా ఒకటే శీర్షిక: ‘బలగం’ నటుడు కన్నుమూత. లోపలికి వెళ్తే ముందు సినిమా సంగతి, అందులో ఆయన వేసిన చిన్న తాత అంజన్న పాత్ర, ఆ తర్వాత జబ్బు, ఆసుపత్రి ఖర్చులకు పడ్డ ఇబ్బంది. నాటకం గురించి ఎక్కడో ఒక వాక్యం. ఏ నాటకాలు వేశారు, ఏ పాత్రలు, ఎవరి దర్శకత్వంలో, ఏ ఊళ్లలో అన్నది నేను చదివిన ఏ వార్తలోనూ లేదు.

బలగం దర్శకుడు వేణు యెల్దండి పెట్టిన నివాళి మాత్రం వేరుగా ఉంది. బాబు గారు జీవితమంతా నాటకరంగంలోనే గడిపారని, చివరి దశలో ఆయన్ని సినిమాకు పరిచయం చేసే అవకాశం తనకు దక్కిందని రాశారు. సినిమా మనిషి నాటకాన్ని ముందు పెట్టి తన సినిమాను వెనక పెట్టుకున్నారు. ఆయన నాటకాలాడిన ఊరివాళ్లం మనం తిరగేసి చెప్పుకుంటున్నాం.

ఈ మాటే మా మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకతను వెంటనే అడిగాడు: “బలగం లేకుంటే గీ వార్తన్న వస్తుండెనా?”

న్యాయమైన ప్రశ్న. అప్పటినుంచి దాన్ని తోసేయలేక, ఒప్పుకోలేక ఆలోచిస్తూనే ఉన్నాను. జీవితమంతా స్టేజీ మీద గడిపిన మనిషిని సినిమా కొలతతో కొలవడం అన్యాయం అన్నది నా అభిప్రాయం. ‘రంగస్థల నటుడు’ అన్న మాటే ఆయన పేరుకు ముందు ఉండాలి. అయితే ఆ మాట వెనక ఆయన వేసిన పాత్రలు మనకు తెలిసి ఉండాలి. తెలియకుండా వట్టి గౌరవానికి ఆ మాట వాడితే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

బలగం లేకుంటే?

ముందు మా మిత్రుడికి జవాబు చెప్పాలి. బలగం లేకపోతే ఆ వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చేదేమో. 2023 మార్చిలో ఆ సినిమా వచ్చాక ఊళ్లలో తెరలు కట్టుకుని చూశారు. చూసి, తెగిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారు. అంత మంది గుండెల్లోకి వెళ్లిన సినిమాలో కనిపించిన మనిషి చనిపోతే, శీర్షిక పెట్టేవాళ్లు ఆ సినిమా పేరే పట్టుకుంటారు. చదివేవాళ్లకు ఆనవాలు కావాలి కదా. దీన్ని నేను తప్పు పట్టను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నటులకు కూడా సినిమా ఇష్టం. మా హన్మకొండలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాస్తే ఆయనకు నచ్చదు. టీచర్‌గా చేసి రిటైరయ్యారు, అందరికీ ‘సారు’. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సాయంత్రం బడి ఖాళీ కాగానే అదే గదిలో బెంచీలు పక్కకు జరిపి రిహార్సల్స్. సెలవు పెట్టుకుని నాటక పరిషత్తు పోటీలకు ప్రయాణం. జాతరలకు, శ్రీరామనవమికి పద్యనాటకాలు. ఈ మధ్య రెండు సినిమాల్లో కనిపించారు. ఒకదాంట్లో మాట లేదు, పంచాయితీలో కూర్చున్న నలుగురిలో ఒకరు. రెండో దాంట్లో ఉన్న ఒక్క డైలాగు ఎడిటింగ్‌లో సగం పోయింది.

ఒక సంస్థవాళ్లు ఆయనకు సన్మానం చేశారు. ఫ్లెక్సీ మీద ‘ప్రముఖ సినీ నటులు’ అని పెద్దక్షరాలతో వేశారు. ఫొటో కూడా ఆ పంచాయితీ సీనుదే, పక్కవాళ్లను కత్తిరించి ఈయన ముఖం పెద్దది చేశారు. మైకు ఇచ్చినప్పుడు సారు సినిమా ఊసెత్తలేదు. తనకు పద్యం ఎక్కడ ఊపిరి తీసుకుని ఎత్తుకోవాలో నేర్పిన గురువు గురించి మాట్లాడి దిగారు. కిందికి రాగానే ఒక పిల్లాడు పట్టుకున్నాడు.

“తాతా, ఏ సినిమాల చేసినవ్?”

సారు సినిమా పేరు చెప్పారు.

“అండ్ల నువ్వు యాడ కనవడ్తవ్?”

“ఎడమ దిక్కు చూడు బిడ్డా, రుమాలు కట్టుకున్నోన్ని నేనే.”

పిల్లాడు ఫోన్‌లో ముందుకీ వెనక్కీ జరిపి ఆ చోటు పట్టుకున్నాడు. ఎగిరి గంతేశాడు. సారు ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషం నిజమైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. నాటకం వేసిన మర్నాడు ‘నిన్న నువ్వు ఎక్కడున్నావు’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. సినిమాలో రెండు సెకన్లయినా మనవడికి చూపించుకోవచ్చు.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా నాకు మింగుడుపడని విషయం వేరే ఉంది. ఆ పిల్లాడికి సారు నక్షత్రకుడిని చూపించే దారే లేదు.

నేను చూసిన నక్షత్రకుడు

హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడు విశ్వామిత్రుడి శిష్యుడు. బాకీ వసూలుకు హరిశ్చంద్రుడి వెంటపడి కాశీదాకా పీక్కుతినే పాత్ర. చాలామంది దాన్ని నవ్వించడానికే వేస్తారు. జనం నవ్వుతారు కూడా, పాత్ర అలాంటిది. సారు కూడా నవ్వించేవారు. నడవలేనంటాడు, ఆకలంటాడు, కాలు నొస్తుందంటాడు, ప్రతి అడుగుకీ ఒక వంక. చంద్రమతిని అమ్మే ఘట్టం వచ్చేసరికి మాత్రం సారు ఒక పని చేసేవారు. డబ్బు చేతిలో పడగానే లెక్కపెడుతూనే చంద్రమతి వైపు చూడకుండా పక్కకు తిరిగేవారు. మాట అదే, దబాయింపు అదే, గొంతు మాత్రం కొంచెం దిగేది. అప్పటిదాకా నవ్విన జనం ఒక్కసారిగా సద్దుమణిగేవాళ్లు. వెనక చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా స్టేజీ వైపు తిరగడం నేను చూశాను.

ఆ పక్కకు తిరగడం పుస్తకంలో లేదు. ఎవరు నేర్పారని అడిగితే, “ఎవ్వలు నేర్పలే. పక్కోడు రాగం తీస్తున్నంతసేపు నువ్వు స్టేజీ మీద ఏం జేస్తవో తెలిస్తెనే నువ్వు నటునివి” అన్నారు. పద్యనాటకంలో ఒక పద్యం, దాని రాగం, జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ అదే పద్యం. అంతసేపూ అవతలి నటుడు మాట లేకుండా నిలబడాలి. బొమ్మలా నిలబడితే సీను చచ్చిపోతుంది, అతిగా కదిలితే పద్యం చెడిపోతుంది. వినడం కూడా నటనే అని అక్కడ నేర్చుకుంటారు.

సినిమా పంచాయితీలో సారు చేసిందీ అదే. రుమాలు కట్టుకుని కూర్చుని ఎదుటివాడి మాట విన్నారు. ఆ నలుగురిలో కన్ను ఆయన మీదికే ఎందుకు పోతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను నక్షత్రకుడిని చూశాను.

బలగం వచ్చినప్పుడు మనమంతా ఒక మెచ్చుకోలు తెగ వాడాం. అందులోని పెద్దవాళ్లు నటించినట్టే లేదు, ఊళ్లోంచి లేపుకొచ్చి కూర్చోబెట్టినట్టున్నారు అని. ప్రేమతో అన్న మాటే. కానీ కొమురయ్యగా వేసిన కేతిరి సుధాకర్‌రెడ్డి, అంజన్నగా వేసిన జీవీ బాబు ఊళ్లోంచి లేపుకొచ్చినవాళ్లు కాదు, స్టేజీ మీద ఆరితేరినవాళ్లు. నటించినట్టు లేకుండా ఉండటం వాళ్ల పుట్టుకతో వచ్చింది కాదు, ఏళ్ల తరబడి చేసిన పని. ఆఖరు వరసకు వినపడాలని గొంతు పెంచడం అలవాటైన మనిషి, కెమెరా మూరెడు దూరంలో ఉంటే ఆ గొంతును ఎంత దించాలో తెలుసుకోవడం చిన్న విషయం కాదు. ‘సహజంగా ఉన్నారు’ అని మనం మురిసిపోయిన ప్రతిసారీ ఆ పనితనాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాం.

ఇంటి మాట, స్టేజీ మాట

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డం చెప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. స్టేజీ ఈ నటులకు అన్నీ ఇచ్చిందా అంటే, ఇవ్వలేదు. ఇచ్చినట్టే ఇచ్చి ఒకటి తీసుకుంది.

పరిషత్తు పోటీల నాటకాల్లో మన ఇళ్లలో మాట్లాడే తెలుగుకు చాలాకాలం చోటు లేదు. స్క్రిప్టులో ఉన్నది కోస్తా జిల్లాల వాడుక భాష. తండ్రి పాత్రయినా, రైతు పాత్రయినా అదే. మన యాస నౌకరు పాత్రకో, నవ్వించే పాత్రకో దక్కేది. సారు కొత్తలో ఒక పోటీలో బాగా వేశారు, బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన భుజం మీద చెయ్యి వేసి, అంతా బాగుందిగానీ ఉచ్చారణలో మీ ప్రాంతం తెలిసిపోతోంది, సరిచేసుకోండి అన్నారట. సారు సరిచేసుకున్నారు. ‘వచ్చిండు’ను ‘వచ్చాడు’ చేసుకోవడం ఒక్కటే కాదు, వాక్యం చివర గొంతు పైకి పోయే మన పద్ధతిని కూడా మార్చుకున్నారు. ఇంటికొచ్చి అమ్మతో ఒక తీరు, స్టేజీ మీద ఒక తీరు. అలా ఒక జీవితకాలం.

ఇప్పుడు ఒక కుర్ర అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి, “సార్, మీరు ఇంట్లో ఎట్ల మాట్లాడతరో అట్లనే మాట్లాడుండ్రి” అన్నాడు. సారుకు వెంటనే రాలేదు. కెమెరా ఆన్ అనగానే నోట్లోంచి ‘ఏం జరిగిందయ్యా’ అని స్టేజీ తెలుగే వచ్చింది. మళ్లీ టేక్, మళ్లీ అదే. చివరికి ఆ కుర్రాడు కెమెరా పక్కన నిలబడి, చనిపోయిన తమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడండి అన్నాక గానీ ఇంటి మాట రాలేదు. ఈ సంగతి చెబుతున్నప్పుడు సారుకు కళ్లు తడిశాయి. సగం పోయిన డైలాగు అదే.

కాబట్టి తెలంగాణ సినిమాకు రుణపడి ఉన్నామంటే కాదనను. స్టేజీ పక్కన పెట్టించిన మాటను సినిమా అడిగి మరీ తెచ్చుకుంది. ఈ యాసను రౌడీలకు, కమెడియన్లకు మాత్రమే కట్టబెట్టిన పాత సినిమాలనూ మరిచిపోలేం గానీ, ఇప్పుడు జరుగుతున్నది మంచిదే. మరి అదే సినిమా ఆ నటుడి పేరు ముందు కూర్చుంటే తప్పేంటి అని ఎవరైనా అడగొచ్చు. నేను చెప్పేది ఇది: సినిమాకు పనికొచ్చింది ఒక్క యాస కాదు. యాస మాట్లాడేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఆ యాసలో దుఃఖాన్ని ఎంతవరకు ఆపుకుని ఎక్కడ వదలాలో తెలిసిన మనిషి కావాలి, ఆ తెలివి స్టేజీ ఇచ్చింది. తమ భాషను వదులుకుని మరీ నేర్చుకున్న విద్య అది. అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నదాన్ని చివరి వాక్యంలోకి నెట్టేస్తే ఎట్లా?

ఎవరి పేరు నిలిచింది?

కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ సంగతి మనకు తెలిసిందే. 1909లో పుట్టి, బొంబాయి వెళ్లి, మూకీల కాలంలోనే హిందీ సినిమాలో నిలబడ్డారు. హీరోగా వేశారు, దర్శకత్వం చేశారు, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్ లాంటి చారిత్రక పాత్రలకు పేరు పడ్డారు. 1980కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. షోలేలో పోలీసు అధికారిగా మనందరం చూసే ఉంటాం, మనవాడని గుర్తుపట్టినవాళ్లు తక్కువ. రాష్ట్రం వచ్చాక రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు, మంచి పని. ఆయన జీవితం సినిమాదే, సినిమా పేరుతోనే తలుచుకోవాలి. ఆయన విషయంలో నాకు ఏ పేచీ లేదు. కానీ ఎంత దూరం పోతే అంత గొప్ప నటుడు అన్న కొలత మనలో ఇలాంటి కథలతోనే పాతుకుపోయింది. ఊళ్లో ఉండి వేసినవాడికి ఆ కొలతలో చోటు లేదు.

నేరెళ్ల వేణుమాధవ్ ఊరు వదలలేదు. వరంగల్‌లోనే ఉన్నారు, ఇక్కడే 2018లో పోయారు. ఆయన సినిమాల్లోనూ నటించారు, అయినా ఎవరూ ఆయన్ని సినీ నటుడు అనరు. మిమిక్రీ అంటే ఆయన, ఆయనంటే మిమిక్రీ. 2001లో పద్మశ్రీ. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ప్రాంగణానికి ఆయన పేరుంది. సినిమా ఆయన్ని ఎందుకు మింగలేకపోయింది? ఆయన గొంతు రికార్డుల్లో ఉంది. ఆయన పేరు చెప్పుకుని మైకు పట్టుకునే శిష్యులు ఊరూరా ఉన్నారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వస్తే వార్తలన్నీ చిందు యక్షగాన కళాకారుడనే రాశాయి. నిజామాబాద్ వైపు అదే కళ ఆడిన ఎల్లమ్మ పేరు ముందు చిందు అన్న మాట లేకుండా ఇప్పటికీ ఎవరూ పలకరు. ఆ కళలను మోసే కులాలున్నాయి, పరంపర ఉంది, ఒకరి పాత్ర ఇంకొకరికి అందుతుంది.

ఇక్కడిదాకా వచ్చి, సరే, పరంపర ఉన్న కళకు పేరు నిలుస్తుంది, లేని సాంఘిక నాటకానికి నిలవదు అని తేల్చుకుందామనుకున్నాను. కానీ పస్తం మొగిలయ్య గుర్తొచ్చి ఆగాను. బలగంలో పాడిన ఆయన దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారుడు, భార్య కొమురమ్మతో కలిసి తరాల నాటి విద్యను మోసినవారు. 2024 డిసెంబరులో పోయారు. ఆయనా ‘బలగం మొగిలయ్య’గానే పోయారు. ఆ పరంపర ఆయన పేరును కాపాడలేదు. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్య సినిమాలో పాడినా ‘కిన్నెర మొగులయ్య’గానే మిగిలారు, వాయిద్యం ఎప్పుడూ భుజాన ఉంటుంది మరి.

అంటే పరంపర ఒక్కటే కాదు. ఒక కళాకారుడిని మొదట ఎవరు గుర్తిస్తే వాళ్ల ముద్రే ఆయన మీద పడుతోందని నాకిప్పుడు అనిపిస్తోంది. సమ్మయ్య గారి దగ్గరికి పురస్కారం చిందు పేరుతో వెళ్లింది. పస్తం మొగిలయ్య దగ్గరికి, జీవీ బాబు దగ్గరికి మిగతావాళ్లందరికంటే ముందు సినిమా వెళ్లింది. సినిమా ముందు వెళ్లడం సినిమా తప్పు కాదు. మిగతావాళ్లు వెళ్లకపోవడమే తప్పు. మిగతావాళ్లంటే విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖలు, నాటక సమాజాలు, పత్రికల జిల్లా పేజీలు.

ఏమి మిగిలింది, ఏమి మిగలాలి

నాటకం అంటేనే ఆ రాత్రికి ఆ రాత్రి అయిపోయేది, దాని అందమే అది, రికార్డు చేయాలని ఎందుకు తాపత్రయం అని సారు స్నేహితుడొకరు నాతో వాదించారు. ఒక మూల కెమెరా పెట్టి తీసిన నాటకం వీడియో చూస్తే ఆయన మాట నిజమే అనిపిస్తుంది. నటుడు చీమంత, మైకు గరగర, పద్యం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు. దాన్ని చూసి ఆ నటుడు ఇంతేనా అనుకునే ప్రమాదం కూడా ఉంది.

నేను అడిగేది వీడియో కాదు. ఎవరు, ఏ పాత్ర, ఎవరి పక్కన, ఏ ఊళ్లో, ఎవరు నేర్పారు, ఏ ఘట్టాన్ని ఎలా వేసేవారు. ఇంతే. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగితే 2024 నవంబరులో తలుపులు తెరుచుకున్నాయి. పెద్ద హాలు వచ్చింది, సంతోషం. అందులో ఒక చిన్న గది ఈ పనికి ఇస్తే చాలు. ఒక బీరువా, ఒక స్కానర్, ఓపికున్న ఇద్దరు విద్యార్థులు. వీలైతే రిహార్సల్‌కు ఇంకో గది, బెంచీలు జరిపే పని లేకుండా.

సారును కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఏ సంవత్సరం అంటే చెప్పలేరు. ‘ఇందిరాగాంధీ పోయిన ఏడాది వానాకాలం’ అంటారు. నాటకం పేరు మరిచిపోతారు గానీ అవతలి పాత్ర మాట అందిస్తే తన మాట గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అందుకని ఒక్కరినే అడిగితే లాభం లేదని అర్థమైంది. జంటగా వేసినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. ట్రంకుపెట్టెలో కరపత్రాలు కొన్ని దొరికాయి. వాటిలో సభాధ్యక్షుల పేర్లు, దాతల పేర్లు పెద్దగా ఉన్నాయి. నటుల పేర్లు కింద చిన్నగా. హార్మోనిస్టు పేరు కొన్నిట్లో ఉంది, మేకప్ చేసినాయన పేరు ఎందులోనూ లేదు. ఆడ పాత్రలు వేసినవాళ్ల పేర్ల చోట చాలావాటిలో ‘ప్రముఖ నటీమణులు’ అని మాత్రమే ఉంది.

సమాజాలవాళ్ల ఖర్చులో పెద్దపద్దు నటీమణి పారితోషికమే అయ్యేదని సారు చెప్పారు. అంత ఖర్చుపెట్టి పిలిపించుకుని కూడా పేరు వేయలేదు. సారు పక్కన చంద్రమతి వేసిన నటీమణి రాత్రి బస్సు దిగి, అప్పటికప్పుడు అవతలి నటుడితో ఒకసారి మాటలు చూసుకుని, ఎవరి నాటకంలోనైనా ఇట్టే ఇమిడిపోయేది. సారు హన్మకొండలో నక్షత్రకుడైతే, ఆమె జిల్లాలన్నీ తిరిగి ఎంతమంది హరిశ్చంద్రుల పక్కన చంద్రమతి అయిందో లెక్కలేదు. సారు పక్కకు తిరిగిన ఆ క్షణంలో స్టేజీ మీద ఉన్నది ఆమే. ఆ సీను ఆమె వైపు నుంచి ఎలా ఉండేదో ఎవరూ అడగలేదు.

ఆమె ఇప్పుడు జమ్మికుంటలో కూతురి దగ్గర ఉంటున్నారట. సారు ఆమె నంబరు సంపాదించి మాట్లాడారు, ఆమె నన్ను రమ్మన్నారు. సారు కూడా వస్తానన్నారు. ఆమె ఏ సినిమాలోనూ కనిపించలేదు కాబట్టి ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా ఒక్క ఫొటో దొరకలేదు. తన దగ్గర ఉంటే తీసి పెట్టమని చెప్పాం.